మొగ్గవిద్యకు మెట్లు

సాయంకాలము అయిదుగంటలు దాటిన పిమ్మట మన పట్టణములలో ఏ నదీతీరపు ఇసుకమేటకైనను, ఏ ఉన్నత పాఠశాల ఆటస్థలమునకైనను పోయి చూడుడు. పదునాలుగు పదునైదేండ్ల పిల్లలు పదిమంది గుమిగూడి యుందురు. ఒకడు సెల్‌ఫోను పట్టుకొని నిలుచును. మరియొకడు నాలుగడుగులు పరుగెత్తి, కన్నులు గట్టిగా మూసికొని, తల వెనుకకు విసరి, దేవునిమీద భారము వేసి వెనుకమొగ్గ వేయును. పాదములమీద వాలినచో చప్పట్లు. మోకాళ్ళమీద వాలినచో నవ్వులు. మెడమీద వాలినచో ఏమగునో ఆ గుంపులో ఒక్కనికిని తెలియదు. ఇట్టి గుంపునే గడచిన వేసవిలో మేమొక యూర చూచితిమి. మూడవసారి దూకిన పిల్లవాడు వెనుకకు చేయి చాచి, మోచేయి బిగించి, దానిమీదనే పడెను. మణికట్టు విరిగినది. కట్టు కట్టించుకొన్న వారము దినములకే వాడు మరల ఆ ఇసుకలో నిలిచి, మంచిచేతితో తోడివానికి ఫోను పట్టుచుండెను. వాని ధైర్యమును చూచి మేము లోలోపల మెచ్చుకొనలేదని చెప్పజాలము. కాని ఇట్టి ధైర్యమును ఇంత చవుకగా వ్యయముచేయుట మన పట్టణములకు మర్యాద కాదు.

ఈ విద్యకు జిమ్నాస్టిక్సు అను పరదేశపు పేరు స్థిరపడినది. పేరు పరులదైనను విద్య మనకు కొత్తది కాదు. సాము, గరిడీ, తాలింఖానా అను మాటలను మన తాతలు నిత్యము వాడిరి. మొగ్గ, పిల్లిమొగ్గ, పల్టీ, కుప్పిగంతు అని ఒక్క దూకుడుకే ఇన్ని పేర్లు గల భాష మనది. హనుమంతుని యెదుట కుప్పిగంతులా యని యెద్దేవచేయు సామెత యొకటి కలదు గాని, ఆ హనుమంతుని పటము లేని వ్యాయామశాల మన దేశమున ఎక్కడనో గాని కానరాదు. పన్నెండవ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున స్తంభముమీది మల్లవ్యాయామము పేర్కొనబడినది. ఆ మల్లఖంబమును రెండవ బాజీరావు పీష్వా కాలమున బాలంభట్ట దాదా దేవధరు పునరుద్ధరించెను. విదర్భలోని అమరావతి నుండి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లిను నగరమునకు పోయి, ఒలింపిక్సు సందర్భమున మన దేశపు వ్యాయామరీతులను ప్రదర్శించి వచ్చిరి. వీరఘట్టమున పుట్టి విజయనగరమున సాము నేర్చిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగువాడు లేడు. తలశ్శేరి చెంత చిరక్కరలో 1901లో కీలేరి కుంఞికణ్ణన్ గురువు సర్కసు పాఠశాల పెట్టి, ఊయలకఱ్ఱలమీదను, తీగలమీదను నడచువారిని తయారుచేసి దేశమంతట పంపెను.

వీరందరికంటెను ముందు చెప్పవలసినవారిని మనము చివర చెప్పుట వాడుక. అది మా దోషము కూడ. మన గ్రామముల బజారులలో గడ పాతి, త్రాడు కట్టి, డోలు వాయించి మొగ్గలు వేసిన దొమ్మరివారు ఈ విద్యను తరతరములుగా నిలిపిరి. గ్రామము వారికి గుప్పెడు గింజలు వేసి సాగనంపెను. పరప్రభుత్వము వారిని నేరస్థజాతుల పట్టికలలో చేర్చి పోలీసు కాపలా పెట్టెను. గడమీద పొట్ట ఆనించి గిరగిర తిరుగు ఆడుబిడ్డ పుట్టుకతో ఆ విద్య తెచ్చుకొనలేదు. ఆమెకు తల్లియో మేనమామయో మొదట చాప మీద, పిదప భుజము మీద, ఆ పిదప పొట్టిగడ మీద నేర్పియుండవలెను. ఆ గురువులకు బిరుదులు లేవు. వారి మనుమలు నేడు ఆ విద్య విడిచి కూలిపనికి పోవుచుండగా, మన పిల్లలు అదే మొగ్గను అద్దపుముక్కలో చూచి నేర్చుకొనబోవుచున్నారు. నేర్పగల చేయి ఒకచోటను, నేర్వగోరు మనసు వేరొకచోటను ఉండిపోయినవి.

నేటి జిమ్నాస్టిక్సు రూపము మాత్రము జర్మను దేశమున ఏర్పడినది. 1806లో జేనా యుద్ధమున నెపోలియను చేతిలో ప్రష్యా భంగపడిన పిమ్మట, ఫ్రెడెరిక్ లూడ్విగ్ యాన్ అను ఉపాధ్యాయుడు 1811లో బెర్లిను వెలుపల హాసెన్‌హైడె అనుచోట బయలు వ్యాయామభూమి తెరచెను. నేడు పోటీలలో కనబడు జంటకఱ్ఱలకును, అడ్డుకఱ్ఱకును అక్కడనే రూపము వచ్చినది. ఓడిన జాతికి ఒడలు నిటారుగా నిలుపుట నేర్పవలెనని ఆయన పూనిక. ఆయన భావములన్నియు మాకు ఆదరణీయములు కావు; పరజాతివారియందు ఆయనకు గల ద్వేషమును మేము ఎరుగుదుము. కాని ఒక్క ముచ్చట చెప్పక తప్పదు. 1819లో ఆయనను చెరబెట్టి, 1820లో ఆ వ్యాయామభూములను మూయించిన ప్రష్యా ప్రభుత్వము 1842 వరకు వానిని తెరువనీయలేదు. పిల్లలు కఱ్ఱ పట్టుకొని వ్రేలాడుట చూచి దొరతనము భయపడెనన్నమాట. 1862లో ప్రేగు నగరమున మిరోస్లావ్ తిర్ష్ స్థాపించిన సోకోల్ సంఘము చెక్కుజాతికి వెన్నెముక యయ్యెను. కలకత్తాలో 1902లో పుట్టిన అనుశీలన సమితియు వ్యాయామసంఘముగనే మొదలయ్యెను. ఆ సంగతి మన పాఠకులకు మేము విప్పి చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ విద్యలో మెట్లు గలవు; మెట్టు విడిచినవాడు పైకి పోవుట లేదు, క్రిందికి వచ్చుచున్నాడు. ఈ మాట నమ్మనివారికొరకు ఆ మెట్లేవియో కొంచెము విస్తరించి వ్రాయుదుము. పత్రికలో చదివి మొగ్గ నేర్చుకొనుట సాధ్యము కాదు. కాని తన బిడ్డకు నేర్పుచున్నవాడు క్రమము పాటించుచున్నాడో లేదో తండ్రి గుర్తించుటకు ఈమాత్రము చాలును.

మొదటి మెట్టు నేలమీద పడుకొనుట. నవ్వవలదు. వెల్లకిల పరుండి, నడుమునకును నేలకును నడుమ అరచేయి కూడ దూరకుండునట్లు అంటించి, చేతులు చెవులకానించి చాచి, తలను, భుజములను, కాళ్ళను జానెడెత్తు లేపి అరనిమిషము నిలుపవలెను. శరీరము దొన్నెవలె నగును. బోరగిల పరుండి చేతులు కాళ్ళు లేపినచో విల్లువలె నగును. ఈ దొన్నెయు ఈ విల్లును పిల్లవాని శరీరమునకు వచ్చినగాని పైన చెప్పబోవు ఏ మొగ్గయు రాదు. గాలిలో తిరుగునపుడు శరీరము ఈ రెండు ఆకారములను మార్చుకొనుచునే పోవును. పెద్దపోటీలకు పోవువారు కూడ ప్రతిదినము ఈ దొన్నెతోడనే అభ్యాసము మొదలిడుదురు. మన పిల్లలకు ఇది విసుగు. వీడియోలో దీనిని చూపు వాడు లేడు, చూపినను చూచువాడు లేడు.

రెండవది పడుట నేర్చుట. ఎగురుట నేర్పుటకు ముందు పడుట నేర్పని గురువువద్ద బిడ్డను ఒక్కదినమైనను ఉంచరాదని మా నిశ్చయము. వాలునపుడు రెండుపాదములు నేలను తాకి, మోకాళ్ళు వంగి, బరువు తొడలలోనికి దిగవలెను. వెనుకకు పడునపుడు గడ్డము రొమ్మునకు చేర్చి, వీపు గుండ్రము చేసి దొర్లవలెను గాని, చేయి వెనుకకు చాచి మోచేయి బిగించరాదు. పైన చెప్పిన పిల్లవాని మణికట్టు విరిగినది ఈ యొక్క పాఠము లేకనే. వానికి మొగ్గ రానందున కాదు, పడుట రానందున.

ముందుదొర్లుడు అందరును పసితనముననే చేయుదురు గనుక దానిని లెక్కచేయరు. కాని నడినెత్తి నేలకు తాకునట్లు దొర్లువారే పదింట తొమ్మండుగురు. అరచేతులు నేలకాన్చి, గడ్డము లోపలికి ముడిచి, పిఱ్ఱలను పైకెత్తి, మెడక్రింది వీపు మొదట నేలను తాకునట్లు దొర్లి, చేతుల సాయము లేక లేచి నిలువవలెను. వెనుకదొర్లుడులో అరచేతులు చెవులప్రక్కన నేలను త్రోసి, మెడమీది బరువును తప్పింపవలెను. మెడమీద బరువు పడకుండ చూచుకొనుట యనునది ఇక్కడ మొదలై చివరి మెట్టువరకు సాగు పాఠము.

తరువాతిది చేతులమీద నిలుచుట. ఈ విద్యకంతటికిని ఇది అక్షరాభ్యాసము వంటిది. గోడకు ముఖము త్రిప్పి, రొమ్మును గోడకు దగ్గరగా తెచ్చి, భుజములతో నేలను త్రోయుచు, దేహమంతయు ఒక్క కఱ్ఱవలె బిగించి నిలువవలెను. వీపు గోడకానించి, నడుము విల్లువంచి నిలుచుట సులభము. దానివలన చెడు అలవాటు మాత్రమే లభించును. గోడచెంత నిమిషముసేపు నిలిచినవాడే గోడ విడువ అర్హుడు. గోడ విడిచినపిమ్మట నిలుకడ వ్రేళ్ళలో నుండును: ముందుకు తూలినచో వ్రేళ్ళకొనలతో నేలను నొక్కవలెను, వెనుకకు తూలినచో అరచేతిమడమతో నొక్కవలెను. తూలి తప్పినచో ప్రక్కకు తిరిగి కాళ్ళు దింపుటయు ముందే నేర్పవలెను. దీనికి నెలలు పట్టును, కొందరికి సంవత్సరము. ఈ సంవత్సరము వ్యర్థమనుకొను తండ్రులకు మేము చెప్పునది ఒక్కటే: మీరు బిడ్డను సంగీతమునకు పంపినపుడు సరళీస్వరములు ఎన్ని నెలలు పాడించిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

అక్కడినుండి దారి కొంచెము వేడుకగా నుండును. బండిచక్రము వేయునపుడు చేయి, చేయి, కాలు, కాలు వరుసగా ఒక్క సుద్దగీతమీద పడవలెను. ఆ చక్రములోనే చివర రెండుకాళ్ళు జతచేసి, వచ్చిన దిక్కునకు ముఖము త్రిప్పి వాలినచో, ముందుకు పరుగెత్తిన వేగమంతయు వెనుకకు పోవు వేగముగా మారును. పెద్దపోటీలలో చూచు వెనుకమొగ్గల వరుసలకు ఇదియే ద్వారము. చక్రాసనమునుండి కాలు విసరి దాటుట, నిలుచున్నచోటునుండి నెమ్మదిగా వెనుకకు వంగి చేతులాని దాటుట, పిమ్మట ఒక్కదూకున చేతులమీదికి వెనుకకు ఎగిరి పాదములమీదికి వచ్చుట — ఇట్లు ఒకదానినుండి యొకటి పుట్టును. ఈ చివరిదానిని మొదట గురువు చేతులలోనే వేయింపవలెను. గురువు ప్రక్కన మోకాలు వంచి కూర్చుండి, ఒక అరచేయి నడుము క్రిందను మరియొకటి తొడ వెనుకను ఉంచి, పిల్లవాని బరువును తాను మోయును. ఆ అరచేతులను ఎప్పుడు తీసివేయవలెనో తెలిసినవాడే గురువు. ఒకనికి పదిసారులకే తీయవచ్చును, మరియొకనికి రెండువందల సారులకును తీయరాదు. ఈ లెక్క ఏ వీడియోలోను ఉండదు.

ఇప్పుడు గదా మన నదీతీరపు వెనుకమొగ్గ! చేతులు నేలకానకుండ గాలిలో ఒక్కచుట్టు తిరిగి నిలుచుట. తల వెనుకకు విసరిన కొలది శరీరము తిరుగుననుకొనుట అందరును పడు భ్రమ. పాదములు నేల విడిచిన క్షణముననే ఎంతయెత్తు పోవునో, ఎంత తిరుగుడు గలదో నిర్ణయమైపోవును. గాలిలో నుండగా దానికి చేర్చగలది ఏమియు లేదు. చేయగలది ఒక్కటే. ముడుచుకొన్నచో వేగముగా తిరుగును, విప్పుకొన్నచో నెమ్మదించును. కనుక చేతులు చెవులప్రక్కన పైకి లేపి, చూపు ఎదుట నిలిపి, నిట్టనిలువుగా ఎగిరి, అటుపిమ్మట మోకాళ్ళను రొమ్మునకు తెచ్చుకొనవలెను. తల ముందే విసరినవానికి ఎత్తు పోవును. ఎత్తు పోయినవానికి కాలము పోవును. కాలము పోయినవానికి మెడ నేలకు దగ్గరగును. దీనిని మొదట స్పంజిముక్కలు నింపిన గోతిలోనికి, పిదప ఎత్తుపీటనుండి మెత్తని పరుపుమీదికి, ఆ పిదప గురువు చేతితో చదునైన పరుపుమీద, చివరకు ఒంటరిగా వేయింతురు. కఠిననేల మీదికి వచ్చుట అన్నిటికంటె చివర. మన పిల్లలు ఈ చివరిదానితో మొదలిడుచున్నారు.

అడుగున ఇంత యున్నది గనుకనే పైనున్నది పైనున్నది. నిలువుదేహముతో తిరుగుట, తిరుగుచునే మెలిక చుట్టుట, రెండుచుట్లు తిరుగుట యనునవి సంవత్సరముల పని. ఆడువారు పోటీలలో నడచు దూలము వెడల్పు పది సెంటీమీటర్లు, పొడవు అయిదు మీటర్లు, ఎత్తు మీటరుంబావు. బెత్తెడు వెడల్పు గల దానిపై మొగ్గ వేయు బాలిక మొదట నేలమీది సుద్దగీతపైన, పిదప జానెడెత్తు దూలముపైన, తరువాత పరుపులు పేర్చిన దూలముపైన అదే మొగ్గను వేలసార్లు వేసి వచ్చును. 1976లో మాంట్రియలు ఒలింపిక్సులో పదునాలుగేండ్ల నాదియా కొమనేచికి పదికి పది అంకెలు వచ్చినపుడు, అట్టి అంకెను చూపుట కేర్పాటు లేని ఫలకముమీద 1.00 అని వెలసినది. ఆ ఫలకపు ముచ్చటను అందరును చెప్పుకొందురు. అంతకుముందటి ఏండ్ల అభ్యాసమును గూర్చి ఎవరును చెప్పుకొనరు.

క్రమము తప్పినచో ఫలమేమో తెలుపుటకు ఒక్క వృత్తాంతము చాలును. ఎలీనా ముఖినా అను సోవియట్ యువతి 1978లో ప్రపంచవిజేత. 1979లో ఆమె కాలు విరిగినది. అది పూర్తిగా కుదురుకొనకమునుపే, మాస్కో ఒలింపిక్సు సమీపించుచున్నదని ఆమెచేత అత్యంత కఠినమైన యొక మొగ్గను అభ్యసింపజేసిరి. ఎగురుటకు కావలసిన బలము కాలిలో లేదు. 1980 జూలైలో మిన్స్కు నగరమున ఆమె చాలినంత తిరుగక గడ్డముమీద పడెను, మెడ విరిగినది. అప్పటికామెకు ఇరువది యేండ్లు. 2006లో మరణించువరకు ఆమె మంచము విడువలేదు. ఆ మొగ్గ తరువాత స్త్రీల పోటీలనుండి తొలగింపబడెను. ఆమెకు విద్య లేదా? లోకమున అంత విద్య గలవారు అరుదు. ఆమె దేశమునకు ఓపిక లేకపోయినది. దేశగౌరవమను మాటను మేము ఈ పత్రికలో తరచు వాడుదుము గనుక, ఆ మాట పేరిట ఒక బిడ్డ మెడ విరిచిన కథను గూడ మేమే చెప్పుట న్యాయము.

దీనికి ప్రతిగా మరియొక సంగతి. టోక్యో ఒలింపిక్సు 2021లో జరిగినపుడు, లోకమున సాటిలేని సైమన్ బైల్సు గాలిలో తన దేహమెటున్నదో తనకు తెలియకున్నదని పోటీ మధ్యలో విరమించుకొనెను. వెక్కిరించినవారును కలరు. ఆమె తిరిగి అడుగు మెట్లనుండి అభ్యసించి, 2024లో పారిసులో మూడు స్వర్ణపతకములును ఒక రజతమును గెలిచెను. ఒకమెట్టు దిగుట తెలిసినందుననే ఆమె మరల ఎక్కగలిగెను. ముఖినాకు దిగు స్వాతంత్ర్యమును ఎవ్వరును ఈయలేదు.

మన దేశమునకు వచ్చినచో, అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ కథ మన పిల్లలందరును వినవలసినది. ఆరేండ్ల ప్రాయమున ఆమె వ్యాయామశాలకు వచ్చినపుడు ఆమె పాదములు చదునైనవి; దూకుటకు అట్టి పాదములు పనికిరావు. గురువు బిశ్వేశ్వర నంది ఏండ్లకొలది శ్రమించి ఆ పాదములలో వంపు తెప్పించెను. ఉపకరణములు లేనిచోట పాతస్కూటరు భాగములతో తానే సామగ్రి కూర్చుకొనెను. అట్టిచోటునుండి వచ్చిన బాలిక 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో కాంస్యము గెలిచి, 2016లో రియో ఒలింపిక్సుకు పోయి, ప్రొడునోవా అను రెండుచుట్ల ముందుమొగ్గ వేసి, 15.066 అంకెలతో నాలుగవ స్థానమున నిలిచెను. కాంస్యమునకు తక్కువైనది 0.150 మాత్రమే. 1964 తరువాత ఒలింపిక్సు జిమ్నాస్టిక్సులో మన దేశపువారు కనబడుట అదే మొదలు. 2024లో తాష్కెంటులో ఆసియా విజేతయై, ఆ యేడే ఆమె పోటీలు విరమించెను. ఆ ప్రొడునోవాను మృత్యుమొగ్గ యని పత్రికలు కేకలు వేసినవి. ఆ పేరు మాకు రుచింపలేదు. స్పంజిగోతిలోనికిని, పరుపుల గుట్టమీదికిని లెక్కలేనన్ని మారులు వేసి సిద్ధపడినది మృత్యువుతో ఆట కాదు. సెల్‌ఫోను ఎదుట కట్టడపుగోడ మీదినుండి వేయునది అట్టి ఆట.

తెలుగునేలకు సంబంధించిన పేరు కూడ ఒకటి కలదు. 2018 ఫిబ్రవరిలో మెల్బోర్ను నగరమున జరిగిన ప్రపంచకప్పు పోటీలలో హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణారెడ్డి దూకుడుబల్ల విభాగమున కాంస్యము గెలిచెను. ప్రపంచకప్పు జిమ్నాస్టిక్సులో భారతీయులకు వ్యక్తిగతముగా దక్కిన మొదటి పతకమది. చిన్ననాట కరాటే నేర్చుచున్న ఆమెను తండ్రి ఈ విద్యకు మరలించెను. ఆ తండ్రికి మా నమస్కారము. ఆడుపిల్లలకు మొగ్గలేల యను ప్రశ్న మన పఠనమందిరముల అరుగులమీద ఇంకను వినబడుచున్నది. దీపయు, అరుణయు దానికి సమాధానము చెప్పియున్నారు. మేము వేరుగ చెప్పము.

అయితే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక అవసరము. ఈ విద్యలో గురువు బిడ్డ దేహమును చేతులతో పట్టి నేర్పును. ఆ నమ్మకమును చెఱచినవారును కలరు. అమెరికాదేశపు జిమ్నాస్టిక్సు వైద్యుడు లారీ నాసరు బాలికలపై యేండ్ల తరబడి చేసిన అత్యాచారములకు 2018 జనవరిలో 40 మొదలు 175 సంవత్సరముల కారాగారశిక్ష పడినది. నూటయేబదికి పైగా స్త్రీలు న్యాయస్థానమున నిలిచి తమ గోడు వినిపించిరి. బాలికలు అంతకుముందే చెప్పినను పెద్దలు వినలేదు; పతకములు వచ్చుచున్నవని ఊరకుండిరి. కావున మా మాట యిది. అభ్యాసము జరుగు శాల తలుపులు తెరచియుండవలెను. తల్లిగాని తండ్రిగాని యెప్పుడైనను వచ్చి కూర్చుండు హక్కు కలిగియుండవలెను. బిడ్డ వచ్చి నొప్పియన్నను, భయమన్నను, మరియేమన్నను నమ్మవలెను. ఎదుగు పిల్లల ఎముకల కొనలయందు మృదువైన పెరుగుదలపొర యుండును. మణికట్టు నొప్పిని దాచి చేతులమీద నిలుచుచునే పోయినచో ఆ పొర దెబ్బతినును. ఓర్చుకొమ్మని గద్దించు గురువు దేశసేవ చేయుచున్నాడని మేము తలంపము.

పల్లెలలో చెరువుగట్టు మీదినుండి మొగ్గలు వేసి గురువు లేకనే నేర్చినవారు కలరని కొందరు మాకు చెప్పిరి. నిజమే, కలరు. చెరువులోని నీరే వారికి పరుపు. నేర్చినవారిని మనము చూచుచున్నాము గాని, మునుగు లోతు లేనిచోట దూకి చెడినవారు మన యెదుటికి వచ్చి వాదింపజాలరు గదా.

మేము కోరునది పెద్ద కోరిక కాదు. అంతర్జాతీయ కొలతల ప్రకారము పన్నెండు మీటర్ల చదరపు నేల, స్ప్రింగుల పలకలు అన్నియు ప్రతిపట్టణమున నెలకొల్పుడని మేమనుట లేదు. నాలుగు మంచి పరుపులు, ఒక అడ్డుకఱ్ఱ, ఒక జంటకఱ్ఱ, జానెడెత్తు దూలమొకటి, దానిని మన వడ్రంగియే చేయగలడు, స్పంజిముక్కలు నింపిన గొయ్యి యొకటి, కాదేని లోతుగా త్రవ్వి జల్లించిన ఇసుక. వీనికంటె ముఖ్యముగా, పట్టుట తెలిసిన గురువొకడు. పాఠశాలలలో డ్రిల్లు మాష్టారి గంటను లెక్కల మాష్టారు కాజేయుట మన రాష్ట్రములు రెంటను సాధారణమైపోయినది; ఉన్న డ్రిల్లు మాష్టార్లలో చేతులమీద నిలుచుట నేర్పగలవా రెందరో మన విద్యాశాఖలవారు ఒక్కమారు లెక్కించుకొందురుగాక. పురపాలకసంఘములు కట్టించిన వ్యాయామశాలలు బరువులెత్తు యంత్రములతో నిండియున్నవి. పెద్దల కండలకు అవి మంచివే గాని, పదేండ్ల బిడ్డకు అందు తావు లేదు. దొమ్మరి కుటుంబములలో ఇంకను విద్య మరువనివారుందురు గదా, వారికి తగిన శిక్షణమిచ్చి, జీతమిచ్చి, గురువులుగా ఏల నియమింపరాదు? ఈ ప్రశ్నను మేము పలుమారు పలువురిని అడిగితిమి. నవ్వినవారే గాని కాదన్నవారు లేరు.

ప్రభుత్వము కదలునంతవరకు పట్టణములు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. అనేక పఠనమందిరముల వెనుక పిచ్చిమొక్కలు మొలచిన ఖాళీస్థలము మిగిలియున్నది. వచ్చు వేసవి సెలవులలోగా దానిని చదునుచేసి, పరుపులు కొనుటకు చందా పట్టిక తెరచిన యూరివారు ఆ పట్టికను మాకు పంపినయెడల, దాతల పేర్లతోడను, మొత్తములతోడను ఈ పుటయందే ప్రకటింతుము. పరుపుల కొలతలు, గోతి లోతు, పిల్లల వయస్సును బట్టి తరగతుల విభజన తెలిసికొనగోరువారు కార్యదర్శి సంతకముతో మాకు వ్రాయవచ్చును.